వంకర ఎవరిది?

తల్లి కడుపులో ఉన్న బిడ్డ తండ్రి చదువులో తప్పు పట్టాడు. మహాభారతం అరణ్యపర్వంలో, తీర్థయాత్ర చేస్తున్న ధర్మరాజుకు లోమశ మహర్షి చెప్పిన కథ ఇది. ఉద్దాలకుడి శిష్యుడు కహోళుడు. గురువుగారి కూతురు సుజాతనే పెళ్లాడాడు. ఆమె నిండు చూలాలిగా ఉన్నప్పుడు ఆయన వేదం వల్లిస్తుంటే గర్భంలోంచి మాట వినబడింది. రాత్రంతా చదువుతున్నావు గానీ నాన్నా, అది సరిగా పడటం లేదని. చుట్టూ శిష్యులు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఆయనకు తల కొట్టేసినట్టయింది. పుట్టకముందే ఇంత మాట అన్నావు గనుక ఎనిమిది చోట్ల వంకర తిరిగి పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడు అష్టావక్రుడు.

ఆ బిడ్డ దోషమేమిటని అడిగితే మూలకథలో సమాధానం దొరకదు. ఉన్నమాట అన్నాడు, అంతే. పోనీ తండ్రి దోషం స్వరం తప్పడమా? ఎనిమిది అపస్వరాలు వినలేక బిడ్డ ఎనిమిదిసార్లు మెలికలు తిరిగిపోయాడని చెప్పే పౌరాణికులు ఉన్నారు. ఆ చెప్పడంలో అందం ఉంది గానీ, అసలు సంగతి మరుగున పడుతుంది. స్వరం తప్పడం పొరపాటు. పొరపాటు ఎంత పెద్దదైనా దిద్దుకుంటే పోతుంది. కహోళుడు చేసింది వేరు. తన తప్పు నలుగురిలో బయటపడిన క్షణాన, ఒప్పుకోవలసిన చోట దాన్ని చూపించినవాడి మీదికి మళ్లించాడు. సూటిగా తన దగ్గరికి రావలసిన మాటను పక్కకు తిప్పాడు. వక్రత మొదట తండ్రి మనసులో పుట్టింది. కొడుకు ఒంటి మీద కనబడింది.

ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఈ కథే కాదు, మన ఉపనిషత్తుల్లో చాలా చోట్లు కొత్తగా తెరుచుకుంటాయి. తప్పు వేరు, వంకర వేరు. తప్పును కప్పుకునే కదలికకే వంకర అని పేరు.

కథ ముందుకు సాగితే ఇది ఇంకా తేటపడుతుంది. ధనం కోసం కహోళుడు జనకుడి సభకు వెళ్లి, వంది అనే పండితుడితో వాదంలో ఓడి, పందెం ప్రకారం నీళ్లలో మునిగిపోయాడు. ఆ సంగతి బిడ్డకు చెప్పలేదు. తాత ఉద్దాలకుణ్ణే తండ్రి అనుకుంటూ, తన ఈడువాడైన మేనమామ శ్వేతకేతువును అన్న అనుకుంటూ పెరిగాడు. పన్నెండో ఏట తాత ఒడిలో కూర్చుంటే శ్వేతకేతువు లాగేసి, ఇది మీ నాన్న ఒడి కాదన్నాడు. తల్లిని అడిగి నిజం తెలుసుకుని, అదే శ్వేతకేతువును వెంటబెట్టుకుని జనకుడి యజ్ఞానికి బయలుదేరాడు. ద్వారపాలకుడు పసివాడని ఆపేస్తే, తల నెరిస్తే పెద్దవాడైపోడని వాదించాడు. జనకుడు చిక్కు ప్రశ్నలు వేశాడు. కళ్లు మూయకుండా నిద్రపోయేది ఏది, పుట్టినా కదలనిది ఏది, గుండె లేనిది ఏది, తన వేగంతోనే పెరిగేది ఏది. చేప, గుడ్డు, రాయి, నది అని సమాధానాలు. తర్వాత వందితో వాదం. ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెంచుకుంటూ పోయి పదమూడు దగ్గర వంది సగం శ్లోకం చెప్పి ఆగిపోయాడు. మిగతా సగం అష్టావక్రుడు పూర్తి చేశాడు. మునిగిపోయిన బ్రాహ్మణులంతా పైకి వచ్చారు. వాళ్లు చచ్చిపోలేదు, వరుణుడు పన్నెండేళ్లుగా చేస్తున్న యజ్ఞానికి వెళ్లారు. వంది ఆ వరుణుడి కొడుకే.

అప్పుడు కహోళుడు అదే సభలో, జనకుడి ముందు ఒక మాటన్నాడు. మనుషులు కొడుకులు కావాలనుకునేది ఇందుకే. నా వల్ల కానిది నా కొడుకు చేశాడు. బలహీనుడికి బలవంతుడు, తెలివిలేనివాడికి పండితుడు పుట్టవచ్చు అనే అర్థంలో అన్నాడు. శిష్యుల ముందు చిన్నతనం భరించలేక శాపం పెట్టిన మనిషి, రాజసభలో తన చిన్నతనాన్ని తానే చెప్పుకున్నాడు. ఆశ్రమానికి తిరిగి వచ్చాక కొడుకును నదిలో మునిగి రమ్మన్నాడు. మునిగి లేచేసరికి అవయవాలన్నీ చక్కబడ్డాయి. అప్పటి నుంచి ఆ నదికి సమంగ అని పేరు వచ్చింది. కథలో ఈ వరస యాదృచ్ఛికమని నాకు అనిపించదు. తండ్రి మనసు ముందు చక్కబడింది. కొడుకు ఒళ్లు ఆ వెనక చక్కబడింది.

జనంలో మరో కథ ఉంది. అష్టావక్రుడు సభలోకి రాగానే పండితులంతా నవ్వారట, అతనూ నవ్వాడట, పండితుల సభ అనుకుని వస్తే చర్మం చూసి విలువ కట్టేవాళ్లే ఉన్నారే అన్నాడట. భారతంలో ఈ ఘట్టం లేదు. అక్కడ అతన్ని అడ్డుకున్నది వయసు చూసి. ఒంటి వంకరను చూసి నవ్వినవాడెవడూ లేడు. ప్రవచనాల్లో ఈ కథకు ఎప్పుడూ చప్పట్లు పడతాయి. నాకు మాత్రం ఒక అభ్యంతరం. తోలు పని తెలిసినవాడు తోలును చేత్తో తడిమి, మందం చూసి, లోపం ఎక్కడుందో పట్టుకుంటాడు, చూసిందే చెబుతాడు. చూపుకు అందినదాన్ని పట్టుకుని లోపల ఉన్నదాన్ని తేల్చేసిన సభాసదులను అతనితో పోల్చడం అతనికి అన్యాయం.

అష్టావక్రుడి పేరు మీద ఉన్న గీత ఇరవై ప్రకరణాల గ్రంథం. జ్ఞానం ఎలా వస్తుంది, ముక్తి ఎలా కలుగుతుంది, వైరాగ్యం ఎలా దొరుకుతుంది అని జనకుడు అడగడంతో మొదలవుతుంది. మొదటి సమాధానంలోనే విషయాలను విషంలా వదలమని, అయిదింటిని అమృతంలా సేవించమని చెబుతాడు. ఓర్పు, ఆర్జవం, దయ, సంతుష్టి, సత్యం. ఒళ్లంతా వంకరలున్నవాడు రాజుకు చెప్పిన మొదటి మాటల్లో ఆర్జవం, అంటే వంకర లేకుండా ఉండటం, రెండో స్థానంలో ఉంది. ఈ గ్రంథంలో ఎక్కడా తన శరీరం గురించి అతను సంజాయిషీ ఇచ్చుకోడు. వెంటనే శరీరాన్ని పక్కన పెట్టి చైతన్యంలో నిలిస్తే ఇప్పుడే సుఖపడతావని మాత్రం అంటాడు. అదే మాట తీర్చిదిద్దినట్టున్న శరీరం గలవాడు అని ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో.

భగవద్గీత ఆర్జవాన్ని నాలుగు చోట్ల చెప్పింది. 13వ అధ్యాయంలో జ్ఞానలక్షణాల్లో, 16లో దైవీసంపదలో, 18లో బ్రాహ్మణ స్వభావంలో. ఇవన్నీ మనసుకు సంబంధించినవిగా సరిపోతాయి. కానీ 17వ అధ్యాయంలో శరీరంతో చేసే తపస్సులో లెక్కించాడు కృష్ణుడు. వాక్కుతో చేసే తపస్సు విడిగా ఉంది, మనసుతో చేసేది విడిగా ఉంది. ఆర్జవాన్ని వాటిలో పెట్టకుండా శౌచం పక్కన, అహింస పక్కన, ఒంటి తపస్సులో పెట్టాడు. శంకరులు 13వ అధ్యాయంలో దీనికి అవక్రత్వం అని అర్థం చెప్పారు. రామానుజులు ఇంకొంచెం విప్పారు. ఎదుటివాళ్ల పట్ల మనసూ మాటా ఒళ్లూ ఒకే తీరులో ఉండటం ఆర్జవమన్నారు. 17వ అధ్యాయానికి వచ్చేసరికి, మనసుకూ మాటకూ తగ్గట్టు శరీరం నడుచుకోవడం అన్నారు. మన పెద్దలు త్రికరణశుద్ధి అని చేతులు జోడించే మాట ఇదే. అనుకున్నదీ అన్నదీ కలిసినంత మాత్రాన సరిపోదు. చివరి పరీక్ష చేతులకూ కాళ్లకూ. అందుకే అది ఒంటి తపస్సు.

ఈ విషయంలో నేను మాటిమాటికీ వెళ్లి వాలేది ప్రశ్నోపనిషత్తు దగ్గర. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు పట్టుకుని పిప్పలాదుడి దగ్గరికి వస్తారు. ఒక ఏడాది తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఇక్కడ ఉండండి, తర్వాత మీకు తోచింది అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాం అంటాడాయన. తెలిస్తే అనే ఆ షరతు మీద శంకరులు ఆగి వ్యాఖ్యానించారు. అది గర్వం లేకపోవడాన్ని చూపించడానికే గానీ తెలియకపోవడాన్ని చెప్పడానికి కాదన్నారు. ఈ గురువు దగ్గర మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు ఒక నియమంతో ముగుస్తుంది. ఎవరిలో కుటిలత్వం, అసత్యం, మాయ లేవో వాళ్లదే మచ్చలేని బ్రహ్మలోకమని.

ఇక్కడ శంకరుల భాష్యం చదివినప్పుడు గృహస్థు ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఇంటివాడికి ఒకదానితో ఒకటి పొసగని వ్యవహారాలు ఎన్నో ఉంటాయి గనుక వక్రభావం తప్పనిసరి అంటారాయన. సన్న్యాసి కూర్చుని గృహస్థును నిందిస్తున్నాడని తోస్తుంది గానీ అది నింద కాదు. ఉన్న పరిస్థితిని అంత నిష్కర్షగా చెప్పినవాళ్లు తక్కువ. ఒకే సంగతి తల్లికి ఒకలా, భార్యకు మరోలా, అప్పు ఇచ్చినవాడికి ఇంకోలా చెప్పవలసి రావడం కొంపలో ఉన్నవాడికే తెలుసు. ఆదాయపు పన్ను కోసం సొంత అమ్మ పేరిట అద్దె రసీదు రాయించుకుని, సాయంత్రం సత్యనారాయణ వ్రతంలో కూర్చునేవాడు దుర్మార్గుడేమీ కాదు. రెండు లెక్కల మధ్య ఇరుక్కున్నవాడు. శంకరులు వాడిని అర్థం చేసుకున్నారు, కానీ మార్కులు కలపలేదు. తర్వాత మాయ అనే మాటకు కూడా ఆయన సృష్టిరహస్యం లాంటిదేదీ చెప్పలేదు. బయటికి తనను ఒకలా చూపించుకుని, పని మరొకలా చేయడమే మాయ అన్నారు. జగన్మిథ్య గురించి అంత రాసిన ఆచార్యుడు ఇక్కడ ఈ మాటకు ఇంత ఇంటిపట్టున ఉండే అర్థం చెప్పడం నాకు ఎంతో నచ్చుతుంది. బ్రహ్మలోకానికి అడ్డం నిలిచేది పెద్ద పెద్ద పాపాలే అనుకుంటాం. ఉపనిషత్తు మన ముఖానికీ మన పనికీ మధ్య ఉన్న సందును చూపిస్తోంది.

ఆ ఉపనిషత్తు ముగింపు మరీ గొప్పది. ఆరో ప్రశ్న అడిగేవాడు భరద్వాజ వంశపు సుకేశుడు. కోసలదేశపు రాజకుమారుడు హిరణ్యనాభుడు ఒకసారి తన దగ్గరికి వచ్చి, పదహారు కళల పురుషుడు తెలుసా అని అడిగాడట. నాకు తెలియదు, తెలిస్తే ఎందుకు చెప్పను, అబద్ధం చెప్పినవాడు వేళ్లతో సహా ఎండిపోతాడు, కాబట్టి అబద్ధం చెప్పలేను అన్నాడట సుకేశుడు. రాజకుమారుడు ఏమీ మాట్లాడకుండా రథమెక్కి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నే ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను, ఆ పురుషుడు ఎక్కడున్నాడని పిప్పలాదుడిని అడుగుతాడు. చూడండి, రాజకుమారుడు వచ్చినప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపేయడం ఎంత తేలిక. అలా చెప్పి ఉంటే ఈ ఆరో ప్రశ్న ఉపనిషత్తులోకి వచ్చేదే కాదు. తెలియదన్న మాట లోపల ములుకులా ఉండిపోయింది గనుకనే గురువు దాకా నడిపించింది. గురువు తెలిస్తే చెబుతానన్నాడు, శిష్యుడు తెలియదన్నాడు. ఈ రెండు మాటల మధ్య ఒక ఉపనిషత్తు పట్టింది.

ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుడి కథా ఇలాంటిదే, అందరికీ తెలిసిందే కాబట్టి విస్తరించను. గోత్రం తెలియదని తల్లి చెప్పిన మాటను గురువు ముందు ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు. హారిద్రుమత గౌతముడు సమిధలు తెమ్మన్నాడు. ఆ కుర్రవాడి కన్నా ఆ తల్లి ధైర్యం ఎక్కువని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక లోపల ఉన్నవాడి సంగతి. కఠోపనిషత్తు శరీరాన్ని పదకొండు ద్వారాల పట్టణమంటుంది. తలలో ఏడు, బొడ్డుతో కలిపి కింద మూడు, నడినెత్తిన ఒకటి. ఆ పట్టణానికి ప్రభువైన పుట్టుకలేనివాణ్ణి అవక్రచేతసుడు అని పిలుస్తుంది. వంకరలేని చైతన్యం గలవాడని. సూర్యుడి వెలుగులా ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేదని శంకరులు వివరించారు. ఎనిమిది వంకరల శరీరమైనా, మరేదైనా, లోపల ఉన్నది అవక్రమే. మరి వంకర ఎక్కడి నుంచి వచ్చింది? సగం నీళ్లలో ముంచిన కర్ర వంగినట్టు కనబడటం తత్త్వవేత్తలకు పాత ఉదాహరణ. కర్ర వంగలేదు, నీరు వంచలేదు. గాలిలో సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోయే వెలుగు నీళ్లలో సుమారు 2,25,000 కిలోమీటర్లే పోతుంది. ఆ రెండు వేగాలు కలిసే నీటి ఉపరితలం దగ్గర వెలుగు దారి మారుతుంది. నిండుగా గాలిలో ఉన్న కర్రకూ వంపు లేదు, నిండా నీళ్లలో ఉన్న కర్రను నీళ్లలోంచే చూసినా వంపు లేదు. వంపంతా సరిహద్దులోనే. లోపల ఒక వేగం, బయటికి ఒక వేగం పెట్టుకున్న మనిషికి కూడా వంకర పుట్టే చోటు అదే. శంకరులు మాయకు చెప్పిన అర్థంలో బయట, లోపల అనే రెండు అంచులు ఉన్నాయి. అంచు లేనిచోట మాయకు కాలు పెట్టడానికి చోటుండదు. మునిగి పూర్తిగా నీరైపోయినవాడికి సమంగలో అవయవాలు సమమయ్యాయని కథ చెప్పడంలో ఇలాంటి భావమే ఉందని నా ఊహ.

ఇంత చెప్పాక ఒప్పుకోవలసిందీ ఉంది. ఒంటి వంకరను బుద్ధి వంకరకు గుర్తుగా వాడుకోవడం మన సాహిత్యంలో లేకపోలేదు. మంథర ఉంది కదా. గూని అనగానే కుట్ర అని పిల్లలకు కూడా ఎక్కించేశాం. అయితే వాల్మీకిని నెమ్మదిగా చదివితే వేరే చిత్రం కనబడుతుంది. రాముడికి పట్టాభిషేకమని మంథర చెప్పగానే కైక సంతోషం పట్టలేక ఆమెకు ఆభరణం బహుమతిగా ఇస్తుంది. తనకు రాముడికీ భరతుడికీ తేడా లేదంటుంది. అప్పటికి ఆమె మనసు చక్కగా ఉంది. మాటలతో మంథర ఆ మనసును తిప్పాక, కైక ఏం చేసింది? ఆ గూనిని పొగడటం మొదలుపెట్టింది. గాలికి వంగిన తామరలా ఉన్నావంది. నీ గూనిలో ఆలోచనలు, రాజనీతి, మాయలు కొలువున్నాయంది. రాముడు అడవికి పోయి భరతుడు రాజైతే దాని మీద బంగారు హారం వేస్తానంది. తిన్నగా ఉన్నన్నాళ్లూ ఆ గూని మీద పొగడ్త కైక నోట రాలేదు. తాను వంగాక అది అందంగా తోచింది. కవి గూనిని చూపిస్తున్నట్టే ఉంటుంది గానీ, నిటారుగా నిలబడ్డ రాణి లోపల మెలికను చూపిస్తున్నాడు. తర్వాత శత్రుఘ్నుడు మంథరను పట్టి ఈడ్చినప్పుడు, ఈ గూనిదాన్ని చంపామని తెలిస్తే రాముడు మనతో మాట్లాడడని భరతుడు ఆపుతాడు. వాల్మీకి ఋజువు అని పొగిడిన రాముడి ఋజుత్వం, తనకు కీడు చేసిన గూని మీద చెయ్యి పడకుండా అక్కడ లేకుండానే అడ్డుకుంది.

మంథరకు ఎదురుగా భాగవతం ఒక కుబ్జను నిలబెట్టింది. మధుర రాజవీధిలో గంధపు గిన్నె పట్టుకుని పోతున్న ఆమెను, ఎవరు నువ్వు, ఈ పూత ఎవరికి అని అన్నతో వస్తున్న కృష్ణుడు అడుగుతాడు. ఆమె సమాధానం గమనించాలి. నన్ను త్రివక్ర అంటారు, కంసుడికి దాసిని, నేను కలిపే పూతలంటే ఆయనకు ఇష్టం, అయినా మీ ఇద్దరికి తప్ప ఇది ఇంకెవరికి తగుతుంది అంటుంది. మూడు వంకరలున్న తన పేరు తానే చెప్పింది. చంపడానికి పిలిపించిన రాజుకు తాను పనిమనిషినని చెప్పింది. ఆ రాజుకు చేరవలసినది ఈయనకు ఇవ్వాలనిపించిందని కూడా చెప్పింది. ఒంట్లో మూడు వంపులున్నాయి, మాటలో ఒక్కటీ లేదు. పూత ఇచ్చాకే కృష్ణుడు తన పాదాలతో ఆమె కాలివేళ్లు నొక్కిపట్టి, రెండు వేళ్లు గడ్డం కింద పెట్టి పైకెత్తాడు. ఆమె చక్కబడింది. త్రివక్ర అంటే సత్వరజస్తమస్సులని చెప్పే సంప్రదాయం ఉంది, దాన్ని కాదనను. నాకు మాత్రం ఇక్కడ శ్వేతాశ్వతరోపనిషత్తు గుర్తొస్తుంది. ధ్యానానికి కూర్చునేటప్పుడు ఎద, మెడ, తల అనే మూడింటినీ ఎత్తి ఒంటిని సమంగా నిలపమంటుంది అది. మూడు చోట్ల వంగినదాన్ని మూడు చోట్ల ఎత్తడం. ఏళ్ల తరబడి సాధకుడు తంటాలు పడే పనిని దేవుడు నడివీధిలో, ఊరంతా చూస్తుండగా, రెండు వేళ్లతో చేశాడు. పోతనగారి దశమస్కంధంలో ఈ ఘట్టం చదివే తెలుగువాళ్లు ఆమె అందం దగ్గర ఆగిపోతారు. ఆమె చెప్పిన జవాబు దగ్గర ఆగితే బాగుండును.

అయితే నిటారుగా కూర్చోవడమే ఆర్జవమా? యోగాసనాల తరగతుల్లో వెన్ను నిలబెట్టమని చెప్పడం మంచిదే. గీత కూడా ఒళ్లు, తల, మెడ కదలకుండా సమంగా నిలపమంది. శంకరుల పేరుతో ప్రచారంలో ఉన్న అపరోక్షానుభూతి మాత్రం ఇక్కడ ఒక చురక వేస్తుంది. సమమైన బ్రహ్మంలో లీనం కావడమే అవయవాల సమత. అది లేనప్పుడు తిన్నగా నిలబడటం ఎండిన చెట్టు నిలబడటం లాంటిదే అంటుంది. ఎండిన చెట్టు ఎంతో నిటారుగా ఉంటుంది. వేళ్లతో సహా ఎండిపోతాడన్న సుకేశుడి మాటను దీని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ముక్కుసూటి మనిషినని చెప్పుకుంటూ ఇంట్లోవాళ్లను మాటలతో కోసేవాళ్లు మనకు తెలుసు. ఆ సూటితనంలో పచ్చదనం ఉండదు. అష్టావక్రుడు ఆర్జవాన్ని ఓర్పుకూ దయకూ మధ్య పెట్టడం ఊరికే కాదేమో.

వంగినదంతా వంకర కాదు కూడా. చిదంబరంలో నటరాజు కుడిపాదం ముయలకుడనే మరుగుజ్జు మీద గట్టిగా ఆని ఉంటుంది, ఎడమపాదం వంగి పైకి లేచి ఉంటుంది. శైవసిద్ధాంతం అయిదు కృత్యాల్లో మరుగుపరచడాన్ని ఆనిన పాదానికి, అనుగ్రహాన్ని వంగిన పాదానికి అప్పగించింది. ఉమాపతి శివాచార్యులు స్తోత్రం చేసింది ఆ వంగిన పాదాన్నే. శివుడి తల మీది చంద్రుడూ వంకరవాడే. ఆయన్ని ఆశ్రయించాడు గనుక అంతటా అందరూ మొక్కుతున్నారని తులసీదాసు తన రామచరితమానసం మొదట్లోనే గురువును స్తుతిస్తూ అన్నాడు. ముద్గల పురాణంలో గణపతి ఎనిమిది అవతారాల్లో మొదటివాడు వక్రతుండుడు. ఆయన లొంగదీసిన రాక్షసుడి పేరు మత్సరాసురుడు. ఓర్వలేనితనం ఎప్పుడూ ఎదురుగా చూడదు, పక్కవాడి విస్తరిలోకి ఓరగా చూస్తుంది. ఆ ఓరచూపును లొంగదీయడానికి వంకర తొండంవాడే కావలసివచ్చాడు.

ఈశావాస్యోపనిషత్తు చివరి మంత్రం అగ్నికి చేసే ప్రార్థన. ఋగ్వేదం మొదటి మండలం 189వ సూక్తంలో అగస్త్యుడు దర్శించిన ఈ మంత్రమే బృహదారణ్యకం అయిదో అధ్యాయంలోనూ వస్తుంది. ప్రాణం పోతున్న వేళ మనిషి అడుగుతున్నాడు, మంచి దారిలో తీసుకుపొమ్మని, పాపాన్ని తమ నుంచి విడదీయమని. ఆ పాపానికి మంత్రం వేసిన విశేషణానికి శంకరులు కుటిలమైన, వంచనతో కూడిన అని అర్థం రాశారు. పాపాల పట్టిక ఏదీ లేదు అక్కడ. హింస, దొంగతనం, అపచారం అని విడివిడిగా ఏదీ లెక్కించలేదు. వంకర అన్న ఒక్క గుణంతో అంతా కలిపి చెప్పేశాడు. అదీగాక, అడుగుతున్నవాడు తాను ఋజువుగా బతికానని ఎక్కడా అనడం లేదు. మా పనులన్నీ నీకు తెలుసు అని ముందే ఒప్పుకున్నాడు. అన్నీ తెలిసినవాడి ముందు చూపించుకోవడానికి బయట అనేది మిగలదు. ఇక యజ్ఞం చేసే శక్తీ లేదు, హవిస్సు ఇచ్చే చేతులూ లేవవు. కాబట్టి పదేపదే నమస్కారమని మాటతో మాత్రం చెబుతాం అంటాడు.